ఐస్‌క్రీమ్ పార్లర్ ఫ్రాంచైజీకి దరఖాస్తు: హనుమకొండ నుంచి ఎనిమిది నెలల డైరీ

2024 ఆగస్టులో దరఖాస్తు పెట్టాం. సెప్టెంబరు 24న తిరస్కరించారు. 2025 ఫిబ్రవరిలో మళ్లీ పెట్టాం, ఏప్రిల్‌లో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఈ రెండింటి మధ్య ఏం కొలిచాం, ఎక్కడ తప్పాం, ఏం మార్చాం అన్నదే ఈ డైరీ. దరఖాస్తుతో పాటు గోప్యత పత్రం మీద కూడా సంతకం పెట్టించుకున్నారు కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. ఖర్చులు, లెక్కలు మా నోటు పుస్తకంలో ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

నేను పన్నెండేళ్లు ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్‌ని. మా ఆయన ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పని చేస్తారు. ఇద్దరికీ వ్యాపారం కొత్త.

దశ 1: దరఖాస్తుకు ముందే చేసిన తప్పు (ఆగస్టు 5–19)

ఫోన్‌లో కంపెనీ పేరు పక్కన "ఫ్రాంచైజీ" అని కొట్టి, మొదట వచ్చిన సైటు తెరిచాను. లోగో అదే, రంగులూ అవే. ఫారం నింపి పాన్, ఆధార్ కాపీలు ఎక్కించాను. గంటలోపే ఫోన్ వచ్చింది. మీ ఏరియాకు ఒక్కటే ఖాళీ ఉంది, రిజిస్ట్రేషన్‌కు రూ.25,500 ఈరోజే కట్టాలన్నారు. యూపీఐలో పంపబోతే, కంపెనీ పేరు రావాల్సిన చోట ఎవరో మనిషి పేరు వచ్చింది. మా ఆయన అక్కడే ఆపేశారు.

ఫ్రిజ్‌లో ఉన్న ఐస్‌క్రీమ్ డబ్బా మీద కస్టమర్ కేర్ నంబరుంటే దానికి ఫోన్ చేశాం. స్థలం ఖాయమయ్యేదాకా తాము ఎవరి దగ్గరా ఒక్క రూపాయీ తీసుకోమని చెప్పారు. ఇది మా ఒక్కరి అనుభవం కాదు. అమూల్ పేరుతో ఇలాంటి నకిలీ ఫ్రాంచైజీ సైట్లు పుట్టుకొస్తుంటే, ఆ సంస్థ 2020లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి వాటిని ఆపే ఆదేశాలు తెచ్చుకుంది.

డబ్బు పోలేదు కానీ కాగితాలు వాళ్ల చేతికి వెళ్లిపోయాయి. ఆ రోజే చేసిన పనులు:

1. 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేశాం.
2. ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేశాను.
3. నా పాన్ మీద ఎవరైనా అప్పు తీసుకున్నారేమోనని క్రెడిట్ రిపోర్టు చూశాను. ఆ తర్వాత ఆరు నెలల పాటు నెలనెలా చూస్తూనే ఉన్నాను.

అసలు ఫారం ఆరు పేజీలు. "ఈ వ్యాపారం ఎందుకు ఎంచుకున్నారు" అన్న గడికి రెండు పేజీలు అదనంగా జత చేశాను. అవి ఎవరూ చదవలేదని తర్వాత తెలిసింది. ఏరియా మేనేజర్ ముందుగా చూసేవి నాలుగే గడులు: సొంత డబ్బు ఎంత, క్రెడిట్ స్కోరు ఎంత, షాపు ముందు వెడల్పు ఎన్ని అడుగులు, కౌంటర్ దగ్గర రోజూ నిలబడేది ఎవరు. మీరు రాసేటప్పుడు ఈ నాలుగింటికే ఎక్కువ సమయం పెట్టండి.

ఖర్చు: జిరాక్సులు, ఐటీ రిటర్నుల కాపీలు రూ.740, సీఏ ఇచ్చిన నికర ఆస్తి సర్టిఫికెట్ రూ.2,500.
ఇప్పటివరకు: రూ.3,240

దశ 2: ఫోన్ ఇంటర్వ్యూ (సెప్టెంబరు 3)

22 నిమిషాలు మాట్లాడారు. ప్రశ్నలు మామూలుగానే అనిపించాయి. షాపు ఎవరు చూసుకుంటారని అడిగితే "మంచి మేనేజర్‌ని పెడతాం, మేము సాయంత్రాలు వచ్చి చూస్తాం" అన్నాను. స్కూల్లో ఉద్యోగం వదలకపోతే ఇంటికి భద్రత అని నా ఆలోచన. వాళ్ల షీటులో మాత్రం మాకు ఎక్కువ మార్కులు పోయింది ఆ ఒక్క వాక్యంతోనే.

దశ 3: మొదటి స్థలం, తిరస్కరణ (సెప్టెంబరు 9–24)

నయీంనగర్ మెయిన్ రోడ్డు మీద 210 చదరపు అడుగుల షట్టర్, అద్దె రూ.28,000. ఎప్పుడు చూసినా రద్దీగా ఉండే రోడ్డు. కాలేజీలు, హాస్టళ్లు దగ్గర్లోనే. ఇంతకంటే మంచి చోటు దొరకదనుకున్నాం. ఏరియా మేనేజర్ వచ్చి టేపు పట్టి కొలిచాడు, రోడ్డుకు అవతల గంటసేపు నిలబడ్డాడు, కరెంటు మీటరు ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు.

సెప్టెంబరు 24న రెండు లైన్ల మెయిల్ వచ్చింది. కారణం రాయలేదు. నాలుగుసార్లు ఫోన్ చేస్తే చివరికి మాట్లాడాడు. "మేడమ్, మెయిల్‌లో రాయకూడదు గానీ చెప్తా, రాసుకోండి" అన్నాడు. రాసుకున్నవి ఇవి:

1. రోడ్డు మధ్యలో డివైడర్ ఉంది. మేము చూసిన షట్టర్ పొద్దున కాలేజీకి వెళ్లే వైపుంది. ఐస్‌క్రీమ్ అమ్ముడుపోయేది సాయంత్రం, జనం ఇళ్లకు తిరిగి వెళ్లేటప్పుడు. వాళ్లంతా డివైడర్ అవతలి వైపు పోతారు.
2. ముందు వెడల్పు 9 అడుగులు. కనీసం 12 కావాలి.
3. సింగిల్ ఫేజ్ మీటరు, 3 కిలోవాట్ల లోడు. వాళ్లకు త్రీ ఫేజ్, 8 కిలోవాట్లు కావాలి.
4. షాపులో యజమాని ఉండరు.
5. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో దరఖాస్తుకు పది రోజుల ముందు ఒకేసారి రూ.4 లక్షలు పడ్డాయి.

ఐదోది మా తప్పే, దాచకుండా రాస్తున్నాను. సొంత డబ్బు ఎక్కువ కనిపించాలని మా తమ్ముడి దగ్గర తెచ్చి ఖాతాలో వేశాం. వాళ్లు ఒక రోజు నిల్వ చూడరు, ఆరు నెలల సగటు చూస్తారు. అడగకుండానే అప్పు అని అర్థం చేసుకున్నారు. అప్పు ఉండటం తప్పేమీ కాదట. దాన్ని సొంత డబ్బుగా చూపడమే తప్పు.

వందకు మాకు వచ్చినవి 46 మార్కులు. కావాల్సినవి 60. వందలో స్థలానికి 40, మనిషికి 35, డబ్బుకు 25 అని కూడా అప్పుడే తెలిసింది. మేము తిరగేసి అనుకున్నాం. డబ్బుంటే మిగతావన్నీ కుదురుతాయనే లెక్కలో ఉన్నాం.

ఖర్చు: షాపు కొలతల డ్రాయింగ్ రూ.1,500, పెట్రోలు రూ.600.
ఇప్పటివరకు: రూ.5,340

దశ 4: మనుషుల్ని లెక్కపెట్టడం (అక్టోబరు – నవంబరు)

ఇదే ఎక్కువ కాలం పట్టింది, ఎక్కువ నేర్పింది కూడా. దీన్నే కాస్త వివరంగా రాస్తాను.

సామాన్లు: బొటనవేలితో నొక్కే లెక్కింపు మీటరు (రూ.180), 30 మీటర్ల టేపు (రూ.420), మల్టీమీటరు (రూ.650), గళ్ల నోటు పుస్తకం.

మొదటి తప్పు రోజుల ఎంపికలో. అక్టోబరు 9, 10 తేదీల్లో చౌరస్తా దగ్గర షట్టర్ ముందు నిలబడ్డాం. 10న సద్దుల బతుకమ్మ. ఊరంతా పద్మాక్షి గుట్ట దారి పట్టింది. రాత్రి ఎనిమిదింటికి వేలు నొప్పి పుట్టింది, లెక్క మామూలు రోజుకు మూడింతలు దాటింది. దసరా సెలవులు ముగిశాక అదే చోట మళ్లీ నిలబడితే అసలు సంగతి తెలిసింది. ఆ వారం కాగితాలన్నీ పక్కన పడేశాం. పండుగ వారం, పరీక్షల వారం, నెల మొదటి వారం లెక్కలు నమ్మకండి.

రెండో తప్పు: రోడ్డు మీద పోయే ప్రతి బండినీ లెక్కపెట్టాను. 40 కిలోమీటర్ల వేగంతో పోయేవాడు మన కస్టమర్ కాదు. అందుకని పద్ధతి మార్చాం:

1. బుధ, శని, ఆదివారాలు. సాయంత్రం 5 నుంచి రాత్రి 10 దాకా.
2. షట్టర్ ఉన్న వైపు నడిచేవాళ్లను, ఆ వైపు బండి ఆపేవాళ్లను మాత్రమే నొక్కాలి.
3. షట్టర్‌కు అటూ ఇటూ 30 అడుగుల్లో రెండు నిమిషాలకు మించి ఆగినవాళ్లను పుస్తకంలో విడిగా గీత పెట్టాలి.
4. పిల్లలతో వచ్చినవాళ్లకు ఇంకో గీత.
5. ఇలా మూడు వారాలు చేసి సగటు తీయాలి.

మూడు స్థలాల సగటు, ఒక సాయంత్రానికి:

నయీంనగర్ (తిరస్కరించింది): రోడ్డు మొత్తం మీద 2,310 మంది. మా వైపు 640. వందకు ఆగేవాళ్లు 4.
చౌరస్తా: 4,870. వందకు ఆగేవాళ్లు 6. అద్దె రూ.55,000.
బాలసముద్రం: 1,900. వందకు ఆగేవాళ్లు 19. అద్దె రూ.32,000.

చౌరస్తాలో జనం ఎక్కువే, కానీ అంతా బస్సు కోసం ఉరుకుతున్నవాళ్లు. బాలసముద్రంలో నడక నెమ్మది. పార్కుకు వచ్చే కుటుంబాలు, కోచింగ్ పిల్లలు, పండ్ల బండి దగ్గర బేరమాడేవాళ్లు. ప్రతి ముగ్గురిలో ఒకరి చేతిలో పిల్లో పిల్లాడో ఉన్నారు. పక్కన టీ కొట్టాయన నన్ను మూడు వారాలు చూసి "అక్కా, ఏ సర్వే ఇది?" అని అడిగాడు. చెబితే, ఈ షట్టర్‌లో ఇంతకుముందున్న బట్టల షాపు ఎందుకు మూశారో చెప్పాడు: మధ్యాహ్నం ఎండ నేరుగా లోపలికి కొడుతుంది. మర్నాడు 2 గంటలకు వెళ్లి చూస్తే నిజమే, ఎండ షట్టర్ గీత నుంచి 11 అడుగుల లోపలిదాకా వచ్చింది. ఐస్‌క్రీమ్ ఫ్రీజర్‌కు ఇది చాలా ముఖ్యం. డ్రాయింగులో ఫ్రీజర్లను వెనక గోడకు జరిపాం, ముందు అయిదడుగుల పందిరి అడిగాం.

దాటినవాళ్లలో లోపలికి వచ్చేదెందరు? ఇది తెలుసుకోవడానికి బాలసముద్రం షట్టర్‌కు 150 మీటర్ల దూరంలో ఉన్న ఒక బేకరీ ఎదుట మూడు సాయంత్రాలు గంట చొప్పున నిలబడ్డాను. దాటినవాళ్లు 1,140. లోపలికెళ్లి ఏదో ఒకటి కొన్నవాళ్లు 31. అంటే 2.7 శాతం. కంపెనీ బ్రోచర్ 5 శాతం వేసుకుంటుంది. నేను 2.7నే పట్టుకున్నాను.

కరెంటు: బాలసముద్రం షట్టర్‌లో మల్టీమీటరు పెట్టి వారం రోజులు చూశాం. పగలు 225 వోల్టులు. రాత్రి 7 నుంచి 9 మధ్య 192 నుంచి 198. సరిగ్గా మనకు అమ్మకాలుండే వేళకే పడిపోతోంది. లోడు లెక్క: ఒకటిన్నర టన్ను ఏసీలు రెండు 3.4 కిలోవాట్లు, డీప్ ఫ్రీజర్లు మూడు 1.2, స్కూపింగ్ కేబినెట్ 0.6, లైట్లు, మిక్సీ 0.8. మొత్తం 6. కంపెనీ అడిగిన 8 అతిగా ఏమీ లేదు. కొత్త త్రీ ఫేజ్ సర్వీసుకు ఇంటి యజమాని ఒప్పుకుంటేనే అద్దె మాట అని ముందే చెప్పాం. ఒప్పుకున్నారు.

స్థలం 320 చదరపు అడుగులు, ముందు వెడల్పు 14 అడుగులు. ఈసారి డివైడర్ లేదు.

ఖర్చు: సామాన్లు రూ.1,250, పెట్రోలు, టీలు రూ.1,150.
ఇప్పటివరకు: రూ.7,740. లెక్కింపుకు నిలబడిన గంటలు: 96.

దశ 5: డబ్బు కాగితాలు (డిసెంబరు – 2025 జనవరి)

మా ఆయన స్కోరు 770 దాకా ఉంటుందనుకున్నాం. రిపోర్టు తీస్తే 688. ఆయనకు ఏ అప్పూ లేదు. మూడేళ్ల క్రితం వాళ్ల పెదనాన్న కొడుకు ఆటో లోనుకు హామీ సంతకం పెట్టారు. ఆ లోనులో రెండు కిస్తీలు, రూ.11,400 బాకీ. హామీ ఉన్నవాళ్ల రిపోర్టులో కూడా ఆ బాకీ కనిపిస్తుందని మాకు తెలియదు. ఇంట్లో మాటామాటా వచ్చింది. చివరికి ఆయన కట్టేశారు, బ్యాంకు నుంచి కాగితం తెచ్చుకున్నాం. 2025 జనవరి 1 నుంచి బ్యాంకులు పదిహేను రోజులకోసారి క్రెడిట్ సంస్థలకు వివరాలు పంపాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. అందుకే తొందరగానే మారింది, నెలాఖరుకు 739.

దరఖాస్తుకు మూడు నెలల ముందే రిపోర్టు చూసుకోండి. సిబిల్‌తో కలిపి నాలుగు క్రెడిట్ సంస్థలూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. డబ్బు కట్టి తీసుకోనక్కర్లేదు.

ఇక మొత్తం పెట్టుబడి. బ్రోచర్‌లో "14 లక్షల నుంచి" అని ఉంటుంది. మేము కొటేషన్లు తెప్పించి వేసిన లెక్క:

ఫ్రాంచైజీ ఫీజు 2,50,000
దాని మీద 18 శాతం జీఎస్టీ 45,000
డిపాజిట్ 1,00,000
ఇంటీరియర్ (320 చ.అ. × 1,900) 6,08,000
ఫ్రీజర్లు, మెషీన్లు 5,40,000
మొదటి సరుకు 1,20,000
అద్దె అడ్వాన్సు, 5 నెలలు 1,60,000
లైసెన్సులు 28,000
కరెంటు సర్వీసు 31,000
చేతిలో ఉంచుకోవాల్సిన డబ్బు 2,50,000
మొత్తం రూ.21,32,000

బ్రోచర్‌లో జీఎస్టీ, అద్దె అడ్వాన్సు, కరెంటు, లైసెన్సులు, చేతి డబ్బు లేవు. ఇంటీరియర్ చదరపు అడుగుకు 1,300 చొప్పున వేశారు. ఆ ధరకు హనుమకొండలో వాళ్లు చెప్పిన ప్లైవుడ్‌తో చేసే మేస్త్రీ ఒక్కరూ దొరకలేదు.

సొంత డబ్బు కనీసం 40 శాతం ఉండాలని షరతు. మాకున్నవి: ఫిక్స్‌డ్ డిపాజిట్ 5,20,000, ఎత్తిన చిట్టీ 2,60,000, సేవింగ్స్ 1,30,000. మొత్తం 9,10,000. చిట్టీ డబ్బుకు చిట్ కంపెనీ పాస్‌బుక్ కాపీ జత చేశాం, ఎక్కడిదని ఎవరూ అడగలేదు. బ్యాంకులో ముద్ర పథకం కింద 10 లక్షలకు దరఖాస్తు పెట్టాం. మిగిలిన లోటుకు మళ్లీ తమ్ముడే. ఈసారి కాగితం రాసుకుని, బ్యాంకు ద్వారా తీసుకుంటామని, అప్పు గడిలోనే చూపించాం.

ఖర్చు: సీఏ ప్రాజెక్టు రిపోర్టు రూ.6,500, తిరుగుళ్లు రూ.300.
ఇప్పటివరకు: రూ.14,540

దశ 6: రెండో దరఖాస్తు, కౌంటర్ దగ్గర రెండు రోజులు (2025 ఫిబ్రవరి)

ఈసారి ఫారంతో నా రాజీనామా లేఖ కాపీ పెట్టాను. మార్చి నుంచి షాపులో నేనే ఉంటానని రాశాను. జనం లెక్కల కాగితాలు 14 పేజీలు జత చేశాం. ఏరియా మేనేజర్ వచ్చి తానూ గంట నిలబడ్డాడు. తన లెక్క 402 వచ్చింది, అదే గంటకు మా సగటు 380.

తర్వాత హైదరాబాద్‌లో నడుస్తున్న వాళ్ల షాపులో రెండు రోజులు, మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 11 దాకా పని చేయమన్నారు. దీని గురించి బ్రోచర్‌లో ఎక్కడా లేదు. అసలు పరీక్ష ఇదే. చేతులు కడుక్కోవడం, బిల్లు కొట్టే వేగం, విసుక్కునే కస్టమర్‌తో మాట, రాత్రి గల్లా లెక్క, అన్నీ ఒక సూపర్‌వైజరమ్మ చూస్తూ రాసుకుంటుంది.

నేను తప్పినవి రెండు.

మొదటిది స్కూపు బరువు. 60 గ్రాములుండాలి. నావి 20 స్కూపులు తూచితే సగటు 71. పిల్లలు చూస్తుంటే చెయ్యి కాస్త నిండుగానే వేస్తుంది. నాలుగు లీటర్ల డబ్బాలో వాళ్ల ఐస్‌క్రీమ్ దాదాపు 2.2 కిలోలు తూగుతుంది, సగం గాలే కదా. 60 చొప్పున 36 స్కూపులొస్తాయి, 71 చొప్పున 31. డబ్బాకు అయిదు స్కూపులు పోతున్నాయి.

రెండోది ఇంకా పెద్దది. ఫ్రీజర్ ఉష్ణోగ్రత రెండు గంటలకోసారి పుస్తకంలో రాయాలి. రద్దీలో పై వరుస చూసి నేనూ మైనస్ 18 అని రాసేశాను. సూపర్‌వైజరమ్మ వచ్చి థర్మామీటరు చూపించింది: మైనస్ 13. తలుపు సరిగా పడలేదు. ఆమె కోప్పడలేదు. "చూసి రాయండి. చూడకపోతే ఖాళీ వదలండి. ఇది పిల్లలు తినేది" అంది. పన్నెండేళ్లు పిల్లలకు చెప్పిన మాటే అది, లెక్క చేయకుండా జవాబు రాయొద్దని. ఆ రాత్రి లాడ్జిలో నిద్ర పట్టలేదు.

రెండో రోజు ప్రతిసారీ తలుపు నొక్కి, థర్మామీటరు చూసి, టైముతో సహా రాశాను. స్కూపుకు మాత్రం ఒక్క రోజు చాలదు. ఇంటికొచ్చాక వంటింటి త్రాసు, మూడు డబ్బాలు కొని సాధన చేశాను:

1. స్కూపును నీళ్లలో ముంచి దులపాలి. తడి ఎక్కువుంటే మంచు గడ్డ కడుతుంది.
2. లోతుగా తవ్వకుండా పైపైన గీస్తూ చుట్టాలి.
3. అంచుకు పైనున్నది డబ్బా గోడకు రాసి తీసేయాలి.
4. ప్రతి పదింటికీ తూచాలి.

మొదటి డబ్బా సగటు 68, రెండోది 64, మూడోది 62. వీధిలో పిల్లలందరికీ ఆ వారం పండగే.

తర్వాత ముగ్గురు కూర్చున్న ఇంటర్వ్యూ, 50 నిమిషాలు. అందులో ఎక్కువసేపు అడిగింది వర్షాకాలం గురించి: అమ్మకాలు పడిపోయిన నాలుగు నెలలు జీతాలెలా ఇస్తారు? చేతి డబ్బు 2,50,000 దానికేనని లెక్క చూపించాను. ఫ్రీజర్ సంగతి కూడా అడిగారు. చూడకుండా రాశానని ఒప్పుకున్నాను, రెండో రోజు పుస్తకం కాపీ చూపించాను.

మార్కులు: 71.

ఖర్చు: ఐస్‌క్రీమ్ డబ్బాలు 3 × 780 = రూ.2,340, త్రాసు రూ.450, ప్రయాణం, లాడ్జి రూ.3,600.
ఇప్పటివరకు: రూ.20,930

దశ 7: ఇప్పుడు మేము వాళ్లను చూడటం (మార్చి)

మంజూరు లేఖ రాగానే వారంలో ఫీజు కట్టమన్నారు. మా బావ డల్లాస్‌లో ఉంటాడు, ఫోన్‌లో సంగతి చెబితే "వాళ్లు మీకేం చూపించారు?" అని అడిగాడు. అమెరికాలో 1979 నుంచి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ఒకటి ఉంది, 2007లో సవరించారు. దాని ప్రకారం ఫ్రాంచైజీ ఇచ్చే కంపెనీ 23 అంశాలతో ఒక పత్రం ఇవ్వాలి. సంతకానికి గానీ డబ్బు కట్టడానికి గానీ కనీసం 14 రోజుల ముందు ఇవ్వాలి. అందులో కంపెనీ మీద కేసులు, మూతపడిన షాపుల లెక్క, మానేసినవాళ్ల వివరాలు, ఆడిట్ చేసిన ఖాతాలు ఉంటాయి. మన దేశంలో ఫ్రాంచైజీల కోసమే ప్రత్యేకంగా చట్టం లేదు. మామూలు కాంట్రాక్టు చట్టమే దిక్కు. మా ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ వాళ్లు చూశారు. వాళ్లది మాకు చూపించాలన్న నియమం ఏదీ లేదు.

బావ పంపిన ఆ 23 అంశాల పట్టిక నుంచి మాకు పనికొచ్చే తొమ్మిది ప్రశ్నలు తయారు చేసి కంపెనీకి మెయిల్ పెట్టాం. ఆరింటికి జవాబొచ్చింది. ఎన్ని షాపులు మూతపడ్డాయన్న దానికి రాలేదు. మాట్లాడమని అయిదుగురు యజమానుల నంబర్లు ఇచ్చారు. అయిదుగురూ బాగుందన్నారు. ఇలా ఇచ్చిన నంబర్లతో సరిపెట్టుకోకండి.

మేము చేసింది: ఫోన్ మ్యాప్‌లో కంపెనీ పేరు కొట్టి, చుట్టుపక్కల జిల్లాల్లో "శాశ్వతంగా మూసివేశారు" అని కనిపించినవి రాసుకున్నాం. మూడు దొరికాయి. పక్క షాపుల వాళ్లను అడిగి పాత యజమాని ఒకరిని కరీంనగర్‌లో కలిశాం. ఆయన రెండు గంటలు కూర్చోబెట్టి, తన నష్టాల పుస్తకం తెరిచి చూపించారు. అద్దె రూ.38,000. దానికి తోడు, ఆయన షాపుకు 900 మీటర్లలో కంపెనీ ఇంకో షాపుకు అనుమతి ఇచ్చింది. ఒప్పందంలో ఏరియా గురించి ఒక్క మాట లేదు, అడగాలని ఆయనకు తోచలేదు. ముక్కూ మొహం తెలియని మాకోసం ఆయన అంత సమయం ఇచ్చారు. మా ఒప్పందంలో ఒక మంచి వాక్యం ఉందంటే ఆయన చలవే.

నెల లెక్క, మా అంకెలతో: 1,900 మందిలో 2.7 శాతం అంటే 51 బిల్లులు. హైదరాబాద్ షాపులో నేను చూసిన సగటు బిల్లు రూ.165. రోజుకు 8,415, నెలకు 2,52,450. పగటి అమ్మకాలు, డెలివరీ కలిపి ఇంకో 20 శాతం వేస్తే సుమారు 3,03,000. కంపెనీ చెప్పింది 4,50,000.

సరుకు పోను 45 శాతం మిగులు, అంటే 1,36,350. అమ్మకాల్లో కంపెనీకి ఇచ్చే వాటా (రాయల్టీ) 5 శాతం 15,150 తీస్తే 1,21,200. ఖర్చులు: అద్దె 32,000, ఇద్దరి జీతాలు 26,000, కరెంటు 17,000, బ్యాంకు కిస్తీ (10 లక్షలు, అయిదేళ్లు, 11 శాతం) 21,742, చిల్లర ఖర్చులు 8,000. మొత్తం 1,04,742. మిగిలేది 16,458. నా జీతం కంటే తక్కువ. వర్షాకాలంలో అమ్మకాలు 30 శాతం పడితే నెలకు దాదాపు 20 వేలు చేతి నుంచి పడతాయి.

ఈ కాగితం పట్టుకుని ఇంటి యజమాని దగ్గరికి వెళ్లాం. దాచకుండా మొత్తం చూపించాం. అద్దె 27,500కు దిగింది, ఏడాదికి 5 శాతం పెంపు. అడ్వాన్సులో 22,500 తగ్గి మొత్తం పెట్టుబడి 21,09,500 అయింది. సొంతం 9,10,000, బ్యాంకు 10,00,000, తమ్ముడి దగ్గర 2,00,000.

ఒప్పందంలో లాయర్ ద్వారా మార్పించుకున్నవి:

1. కిలోమీటరున్నర లోపు ఇంకో షాపు ఇవ్వకూడదు. మేము రెండున్నర అడిగాం, ఒప్పుకోలేదు.
2. మూడేళ్లకు ముందే ఇంటీరియర్ మార్చమని అడగకూడదు.
3. ఒప్పందం ముగిశాక డిపాజిట్ 60 రోజుల్లో ఇవ్వాలి. ముందు గడువే రాయలేదు.

రెండేళ్ల లాక్-ఇన్ (అప్పటిదాకా మధ్యలో మానేయకూడదన్న షరతు) తీయించలేకపోయాం. ఇంకో తప్పు ఆఖరు నిమిషంలో లాయర్ పట్టుకున్నారు. ఫ్రాంచైజీ అయిదేళ్లకు, అద్దె ఒప్పందం మూడేళ్లకు రాసుకున్నాం. నాలుగో ఏడు యజమాని ఖాళీ చేయమంటే, కంపెనీకి నష్టపరిహారం మేమే కట్టాలి. అద్దెను కూడా అయిదేళ్లకు మార్చి రిజిస్టర్ చేయించాం. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 11 నెలల కాగితంతో బ్యాంకూ ఒప్పుకోదు, కంపెనీ కూడా.

ఖర్చు: యజమానులను కలవడానికి ప్రయాణాలు రూ.4,200, లాయర్ ఫీజు రూ.8,000.
ఇప్పటివరకు: రూ.33,130

దశ 8: ఏప్రిల్

ఏప్రిల్ 8: ముద్ర లోను మంజూరైంది.

ఏప్రిల్ 11: ఒప్పందం మీద సంతకాలు. ఫీజు కంపెనీ పేరున్న ఖాతాకే, బ్యాంకు నుంచి.

ఏప్రిల్ 14: ఆహార లైసెన్సు దరఖాస్తులో పొరపాటు. రిజిస్ట్రేషన్ చాలనుకుని నింపాను. అప్పటి నిబంధన ప్రకారం ఏడాది అమ్మకాలు 12 లక్షలు దాటితే రాష్ట్ర లైసెన్సు కావాలి, మా లెక్క 36 లక్షలు. మళ్లీ నింపాను.

ఏప్రిల్ 17: లీజు రిజిస్ట్రేషన్ అయింది. ఈ ఎండాకాలం మాకు అందదు. ఇంటీరియర్‌కే 40 రోజులన్నారు. ఏడాదిలో ఎక్కువ అమ్మకాలుండే రెండు నెలలు పోయాయి. మీరు పెట్టేది చల్లటి వ్యాపారమైతే దరఖాస్తు జూన్‌లోనే మొదలుపెట్టండి, మాలా ఆగస్టు దాకా ఆగకండి.

ఏప్రిల్ 21: త్రీ ఫేజ్ మీటరు బిగించారు. రాత్రి 8 గంటలకు ఖాళీ షట్టర్‌లో టార్చి పట్టుకుని మూడు ఫేజులూ కొలిచాం. 226, 229, 224. టైము వేసి పుస్తకంలో రాశాను.